కడలి మీది అనుపలబ్ధి

తర్కశాస్త్రమునకు కుండ మీద ఉన్న మమకారము జగద్విదితము. కుండ ఉన్నప్పటి కంటె కుండ లేనప్పుడే ఆ శాస్త్రమునకు ఉత్సాహము ఎక్కువ. నేల మీద కుండ లేదు అన్న జ్ఞానము ఎట్లు కలుగుతున్నది? కన్ను నేలను చూచింది, కుండను చూడలేదు. చూడకపోవుట కూడ ఒక చూపేనా? అనుపలబ్ధి సాయము చేయగా ఇంద్రియమే అభావమును గ్రహిస్తుందని నైయాయికులన్నారు. కుమారిలభట్టు అనుయాయులు, వారి వెంట అద్వైతులు, అట్లు కాదు, అనుపలబ్ధి ప్రత్యక్షము కంటె వేరైన ప్రమాణము, ఆరవది, అన్నారు. ప్రాభాకరులైతే అభావమనే పదార్థమే అక్కరలేదని, ఉన్నది వట్టి నేల మాత్రమేనని తేల్చారు. శతాబ్దముల పాటు సాగిన ఈ కలహములో అభావమును ఒప్పుకొన్న పక్షములకు ఒక్క అంశమున మాత్రము భేదము లేదు. చీకటిలో కుండ కనబడకపోతే కుండ లేదని చెప్పరాదు. ఉండి ఉంటే కనబడి తీరవలసిన చోట కనబడనప్పుడే, లేదన్న నిశ్చయమునకు అధికారము. దీనికే యోగ్యానుపలబ్ధి అని పేరు.

తర్కసంగ్రహము వ్రాసిన అన్నంభట్టు ఆంధ్రుడే అయినను, ఆంధ్రదేశములో ఈ విచారమును పరీక్ష కొరకు వల్లించి మరచిపోయే వారే ఎక్కువ. బాపట్ల జిల్లా నిజాంపట్నములో పరిస్థితి వేరు. అక్కడ ఇది ఎవరో ఒకరి వాకిట నిత్యము జరుగుతున్న చర్చ. మరపడవ మీద వేటకు వెళ్లిన మనిషికి ఇంటి నుండి ఫోను చేస్తారు. ఆ నంబరు కవరేజ్ ఏరియాలో లేదని ముందుగా రికార్డు చేసిన గొంతు ఒకటి, రాగద్వేషములు లేని స్వరముతో, చెబుతుంది. ఒక అభావజ్ఞానము కలుగుతుంది. దేని అభావము అన్నదే ప్రశ్న.

తెనాలి నుండి రేపల్లెకు రైలుమార్గము ఉన్నది. రేపల్లెలో పట్టాలు ముగుస్తాయి. నిజాంపట్నము దాటితే మిగిలేది మడ అడవులు, మొగలు, ఆపైన అఖాతము. 17వ శతాబ్ది ఆరంభములో డచ్చివారు ఇక్కడ వర్తకస్థానము పెట్టారు. 1611లో ఈస్టిండియా కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ ఈ రేవునకు వచ్చినప్పుడు వారి లెక్కలలో దీని పేరు పెట్టపోలి. ఆ నావికులు వ్రాసిన ఉత్తరము లండను చేరడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా పట్టేది. అంతకాలము మౌనమే సహజస్థితి. మౌనము నుండి ఎవరూ ఏమీ అనుమానించలేదు, అనుమానించడానికి హేతువు లేదు కనుక.

నేటి మౌనము అట్టిది కాదు. పడవ మొగ దాటి గంటలు గడిచే వరకు ఫోను మ్రోగుతూనే ఉంటుంది. భూమి గుండ్రముగా ఉండుట వలన తరంగము నేరుగా వెళ్లి ఎక్కడో ఒకచోట దిగంతమును తాకి నీటి మీది వారిని విడిచి పోవలసినదే. 50 మీటర్ల టవరునకు, నీటి మీద 3 మీటర్ల ఎత్తున చేతిలో పట్టుకొన్న ఫోనునకు మధ్య ఆ హద్దు లెక్క ప్రకారము సుమారు 36 కిలోమీటర్లు. పాత జీఎస్ఎం పద్ధతిలో సంకేతము రాకపోకల కాలపు లెక్క వల్లనే 35 కిలోమీటర్ల అవధి ఏర్పడింది. ఇవి కాగితము మీది మాటలు. తీరమును విడిచి 10, 12 కిలోమీటర్లు వెళ్లగానే సంకేతము సన్నగిల్లుతుందని అనుభవము. మరపడవలు ఐసు, డీజిలు, బియ్యము వేసుకొని వారము, పది దినముల వేటకు పోతాయి. అనగా ఆ మనుష్యుల జీవితములో అధికభాగము శ్రవణయోగ్యతకు అవతల గడుస్తున్నది.

తెనాలిలో ఒక విశ్రాంతోపాధ్యాయుడు ఉన్నారు. ఉద్యోగకాలములో ఈ తీరమున తెలుగు బోధించారు. చిన్ననాడు గురుముఖతః దీపికతో కూడ తర్కసంగ్రహము చదువుకొన్నారు. ఇప్పుడు మాసమునకు ఒకసారి రేపల్లెలో కొందరు పెద్దలకు శాస్త్రపాఠము చెప్పడానికి రైలులో వస్తారు. ఒకనాడు పాఠము ముగిసే వేళకు ఆయన పూర్వ విద్యార్థిని ఒకామె నిజాంపట్నము నుండి వచ్చి వరండాలో నిలబడింది. భర్త ఒక మరపడవకు సరంగు.

"మాస్టారండీ, నాలుగు రోజులయిందండీ. ఫోను కలవటం లేదు. కవరేజీలో లేదంటంది."

"చివరగా ఎప్పుడు మాట్లాడాడమ్మా?"

"సోమారం తెల్లారి, మొగ దాటాక. ఇంక సిగ్నలు పోద్ది, పెట్టేస్తన్నా అన్నాడండీ."

"పోతుందని ముందే చెప్పాడు కదా తల్లీ."

"చెప్పాడండీ. చెప్పినా లోపల ఆగదు గదండీ."

ఆయనకు శాస్త్రము గుర్తుకు వచ్చింది. అభావమును చెప్పేటప్పుడు దాని ప్రతియోగిని, అనగా ఏది లేదంటున్నామో దానిని, స్పష్టముగా చెప్పవలెను. ప్రతియోగి తెలియని అభావము తెలియదు. ఫోనులో పలికిన ఆ గొంతు చెప్పిన అభావమునకు ప్రతియోగి టవరునకు, యంత్రమునకు ఉండవలసిన సంయోగము. మనిషి కాదు. సంయోగము పోయినంత మాత్రమున సంయోగించిన ద్రవ్యములు పోవు. పక్షి ఎగిరిపోతే కొమ్మ విరగదు. ఇదే ఆమెకు తేలిక మాటలలో చెప్పారు.

"ఫోనులో ఆవిడ ఏమంటోందమ్మా? మనిషి లేడంటోందా, అందడం లేదంటోందా?"

"అందటం లేదనేనండీ."

"ఆ రెండూ ఒకటేనా?"

"ఒకటి కాదండీ. కానీ రెండిటికీ వినపడేది ఒకటే గదండీ."

ఉపాధ్యాయుడు మరి మాట్లాడలేకపోయారు. ఆమె చెప్పినది న్యాయదర్శనము సంశయమునకు చెప్పిన లక్షణమే. మసక వెలుగులో దూరాన నిలువుగా ఒకటి కనబడుతుంది. స్థాణువా, పురుషుడా? ఎత్తు రెండింటికీ సాధారణధర్మము, కావున ఎత్తు వలన నిశ్చయము రాదు. విశేషదర్శనము కావలెను, చేతులో కాళ్లో కదలవలెను. క్షేమముగా దూరమున ఉన్న భర్తకు, మునిగిపోయిన భర్తకు సాధారణధర్మము ఆ రికార్డు గొంతు. దానిని ఎన్ని మారులు విన్నను సంశయము నిశ్చయముగా మారదు.

మీమాంసకుల దేవదత్తుడు కూడ ఇక్కడ పనికి రాలేదు. బ్రతికి ఉన్న దేవదత్తుడు ఇంటిలో లేడు, కావున బయట ఉన్నాడు. ఇది అర్థాపత్తికి పాఠములలో నిత్యము వచ్చే ఉదాహరణ. ఆ వాక్యములో బరువంతా "బ్రతికి ఉన్న" అన్న విశేషణము మీదనే ఉన్నదని పాఠము చెప్పేవారు అంతగా గమనించరు. శాస్త్రకారునికి అది ఉచితముగా దొరికిన దత్తాంశము. నిజాంపట్నపు ఇల్లాలికి ఆ ఒక్క మాటే కావలెను. అది తెలిస్తే తక్కిన అర్థాపత్తి ఆమె తానే చేసికొనగలదు.

(ఆ సరంగు ఆరవనాటి సాయంకాలము వచ్చాడు. గాలి ఎదురై ఆలస్యమయింది. అంతే.)

ఈ తీరమున సంశయము ఊహామాత్రము కాదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, దాని వెంట లేచిన సుమారు 5 మీటర్ల ఉప్పెన, దివిసీమను, కృష్ణకు ఇవతలి రేపల్లె ప్రాంతమును ముంచెత్తాయి. ప్రభుత్వపు లెక్కలోనే మృతులు సుమారు 10,000. తీగలు తెగి, ఎంత నష్టము జరిగినదో బయటి లోకమునకు తెలియడానికే దినములు పట్టింది. ఆనాడు మౌనమునకు అర్థము మరణమయింది, వినేవారు మాత్రము దానిని మౌనముగానే విన్నారు. తదనంతరము 1980లలో ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా తీరగ్రామములలోని స్వీకరణ యంత్రములకు నేరుగా హెచ్చరిక వినిపించే ఏర్పాటు మొదలయింది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారము దగ్గర దాదాపు అంతటి తుపాను తీరము దాటినప్పుడు లక్షన్నరకు పైగా జనమును ముందే తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోపున నిలిచింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరము దాటే నాటికి దాని మార్గము గంటగంటకు ప్రతి చేతిలోని తెర మీద కనబడుతున్నది. వాయుదేవుని స్వభావము మారలేదు. మారినది శబ్దప్రమాణము చేరే దూరము.

శబ్దప్రమాణమునకు మూలము ఆప్తుడు. ఆప్తుడెవరు? వాత్స్యాయనుడు న్యాయభాష్యములో ఇచ్చిన లక్షణము ఎంతో ఉదారమైనది. విషయమును సాక్షాత్కరించుకొని, చూచినది చూచినట్లుగా ఎదుటివారికి చెప్పవలెనన్న కోరికతో ప్రవర్తించేవాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమే అని ఆయన స్పష్టముగా చెప్పాడు. కులము, వేషము, భాష అందులో లేవు. అట్లైతే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్రసమాచార సంస్థలో కూర్చొని అలల ఎత్తును లెక్కకట్టే శాస్త్రజ్ఞుడు ఆ విషయమున ఆప్తుడు. ఆకాశపు రంగు చూచి వల ఎత్తివేయమనే వృద్ధ సరంగు కూడ ఆప్తుడే. ఇద్దరి మాటలు భిన్నమైనప్పుడు చిక్కు వస్తుంది. మునుపు రెండు మూడు మారులు హెచ్చరిక విని ఒడ్డుకు వచ్చి, డీజిలు నష్టపోయి, తుపాను రాక చూచిన వానికి మొదటి ఆప్తుని మీద విశ్వాసము సడలుతుంది. దానిని మూర్ఖత్వమని తీసివేయుట ఒడ్డున ఉన్నవారికి సులభము.

వాక్యము అర్థము కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావలెనని విద్యార్థి నేర్చుకొంటాడు. గుఱ్ఱము, ఆవు, మనిషి, ఏనుగు అని పదములు కుప్పగా పోస్తే వాక్యము కాదు, వాటికి పరస్పరము ఆకాంక్ష లేదు కనుక. నిప్పుతో తడుపుము అంటే యోగ్యత లేదు. గంటకొక పదము పలికితే సన్నిధి లేదు. ఈ మూడవ దోషమును కడలి కావలసినంత పెంచగలదు. తీరమునుండి బయలుదేరిన హెచ్చరిక, ఫోను మళ్లీ సంకేతపరిధిలోనికి వచ్చిన పూట, అనగా తుపాను దాటిన తరువాత, ఒక్కసారిగా పది సందేశములుగా చేరితే, పదములన్నీ ఉన్నవి, వాక్యము చచ్చిపోయింది. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను వేళ కేరళ, కన్యాకుమారి తీరముల నుండి ముందే లోతు సముద్రమునకు పోయిన మత్స్యకారులకు జరిగినది ఇదే. హెచ్చరిక పుట్టింది, వినవలసిన వారు దాని పరిధిలో లేరు.

ఆ దుఃఖము తరువాత 2019 అక్టోబరులో జెమిని అనే చిన్న పెట్టె వచ్చింది. గగన్ ఉపగ్రహముల ద్వారా దిగే సందేశమును అది పట్టుకొని, బ్లూటూత్ మార్గమున ఫోనులోని యాప్‌నకు అందిస్తుంది. తుపాను హెచ్చరికలు, అలల స్థితి, చేపలు దొరకగల తావులు మాతృభాషలో చదువుకొనవచ్చు. టవరు అక్కరలేదు. కాని అది వినగలదే గాని పలుకలేదు. శాస్త్రపరిభాషలో అది శ్రోత్రము ఉన్న వాగింద్రియహీనుడు. పడవలోని వానికి ఒడ్డు మాట తెలుస్తుంది, వాడు విన్నాడో లేదో ఒడ్డునకు తెలియదు. ఆపదలో నొక్కడానికి వేరొక యంత్రము, ఇస్రోవారి డాట్, 2010 నుండి వాడుకలో ఉన్నది. అది పలుకగలదు. అయితే తొలినాటి డాట్ నొక్కిన వానికి తన కేక ఎవరి చెవినైన పడినదో లేదో తెలిసేది కాదు. మునిగే పడవలో మీట నొక్కి, ఆకాశము వంక చూస్తూ కూర్చొనుట! రెండవ తరము డాట్‌లో ఆ లోపము సవరించారు. సందేశము అందినదన్న జవాబు తిరిగి పడవకు వస్తుంది. ప్రాణము నిలుపుటలో "విన్నాము" అన్న ఒక్క మాటకు ఎంత బలమున్నదో ఆ మార్పు చేసిన వారికి తెలిసే ఉంటుంది.

ఇక ట్రాన్స్‌పాండరు. 13 తీర రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములలో లక్ష మరపడవలకు, మోటారు పడవలకు వీటిని ఉచితముగా అమర్చే పథకమును 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ఆరంభించారు. వ్యయము సుమారు 360 కోట్ల రూపాయలు. పడవ ఎక్కడ ఉన్నదో ఉపగ్రహము ద్వారా ఒడ్డున తెలుస్తూ ఉంటుంది. పొట్టి సందేశములు ఇరువైపులా నడుస్తాయి. ఆ విద్యార్థిని భర్త పడవకు కూడ ఇది వచ్చింది. ఆమె సంబరముతో తెనాలికి ఫోను చేసి చెప్పింది. రెండు మాసములు గడిచాక మరల ఫోను చేసింది. ఈసారి సంబరము లేదు. ఆయన పెట్టెను ఆపివేస్తున్నాడట.

తరువాతి పాఠమునకు దంపతులిద్దరూ రేపల్లె వచ్చారు. సరంగు వాదమును ఉపాధ్యాయుడు శ్రద్ధగా విన్నారు, పూర్వపక్షమును బలహీనముగా వినుట శాస్త్రజ్ఞునికి తగదు కనుక.

"చేప ఎక్కడ పడిందో చుక్క పెట్టి చూపిస్తా వేటాడతారాండీ ఎవరన్నా?" ఇది అతని మొదటి మాట. ఆ చుక్క అధికారుల తెర మీదికే గాని పొరుగు పడవ మీదికి పోదని చెప్పినా అతనికి పూర్తిగా నమ్మకము కుదరలేదు. తన చోటు ఇతరులకు తెలియుట అన్నది వేటగానికి వంశపారంపర్యముగా అనిష్టము. ఇందులో కొంత న్యాయమున్నది కూడ. ఎల్లవేళల చూడబడుట రక్షణ అవునో కాదో, చూచేవాడు ఎవడన్న దానిని బట్టి ఉంటుంది. ఋగ్వేదములో వరుణుడు సముద్రము మీది నావల త్రోవ ఎరిగినవాడు. ఆయనకే పాశములు కూడ ఉన్నవి.

రెండవ మాట మరింత బలమైనది.

"ఇదివరకు వారం పలక్కపోయినా ఎవురూ ఏడ్చేవోళ్లు కాదండీ. ఇప్పుడు పూట పలక్కపోతే ఇంట్లో పొయ్యి వెలగటంలా. ఇది పెట్టాకే దీనికి బెంగ ఎక్కువయింది మాస్టారూ."

భార్య తల వంచుకొన్నది, కాదనలేదు.

శాస్త్రము ఈ స్థలమున నిజముగా పనికి వచ్చింది. ఫోను మాత్రమే ఉన్న రోజులలో మొగ దాటిన తరువాతి మౌనము చీకటిలో కనబడని కుండ వంటిది. అది అయోగ్యానుపలబ్ధి. దాని వలన ఏమీ సిద్ధించదు, సిద్ధించదని ఆమె మనస్సునకు ఎక్కడో తెలుసు. భయము ఉన్నది, ఆధారము లేదు. ట్రాన్స్‌పాండరు చీకటిలో దీపము తెచ్చింది. ఉండి ఉంటే కనబడును అన్న తర్కము ఇప్పుడు ప్రవర్తిస్తుంది. కావున ఇప్పుడు కనబడకపోవుట ప్రమాణమవుతుంది. పూట మౌనమునకు ఆమె భయపడుట అవివేకము కాదు, ప్రమాణమునకు లొంగుట. సంబంధమును పెంచిన యంత్రమే మౌనమునకు కూడ మాట నేర్పింది. పలకరింపు ఎంత సులభమైతే, పలుకకపోవుట అంత పెద్ద వార్త.

అయితే సరంగు చేస్తున్నదేమిటి? పడవ క్షేమముగా ఉండగానే దీపము ఆర్పుతున్నాడు. ఒడ్డున ఉన్నవారు దీపము వెలుగుతున్నదనుకొని చూస్తున్నారు. యోగ్యత లేని చోట యోగ్యత ఉన్నదన్న భ్రమ కలిగిస్తున్నాడు. ఫోను మాత్రమే ఉన్ననాటి సంశయము కంటె ఇది నికృష్టము, అప్పుడు కనీసము చీకటి చీకటిగా తెలిసేది. ఇంకొక అపాయమున్నది. పది మారులు ఆర్పి క్షేమముగా తిరిగి వస్తే, పదునొకండవ మారు నిజముగా ఆరిపోయినప్పుడు ఎవరూ లేవరు. హేతువునకు వ్యభిచారము అలవాటు చేసిన తరువాత దాని నుండి అనుమానము చేయువాడు ఎవడు?

ఉపాధ్యాయుడు ఇంత పరిభాష వాడలేదు. "ఆపదలచుకుంటే ఆపు నాయనా, కాని ఆపుతున్నానని చెప్పి ఆపు" అన్నారు. సరంగు కొంతసేపు ఆలోచించి, చెప్పి ఆపితే ఆపిన ప్రయోజనము ఏమున్నదండీ అని నవ్వాడు. తర్కములో అతనికి సహజపాండిత్యము ఉన్నదని ఆయన ఇప్పటికీ అంటారు.

కడలి మీద సంబంధము లేకపోవుటనే ఒక భాగ్యముగా వర్ణించే వారు కొందరున్నారు. సూర్యలంక ఇసుకలో రెండు దినములు ఫోను ముట్టకుండ గడిపి, ప్రత్యాహారము సిద్ధించినట్లు చెబుతారు. గీతలోని కూర్మోపమానము వారికి ప్రియము. అవయవములను అన్ని వైపుల నుండి లోనికి ముడుచుకొనే తాబేలు. అదే సూర్యలంక, నిజాంపట్నము తీరములలో ఏటేటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. ఆ సముద్రపు తాబేలు తలను గాని రెక్కలను గాని చిప్పలోనికి ముడువలేదు. ఆ జాతి నిర్మాణమే అంత. ముడుచుకొనుట మడుగులోని తాబేలునకు సాధ్యము. ఇష్టము వచ్చినప్పుడు మరల చాచుకొనగలవాడు ముడుచుకొంటే అది సాధన. వేటకు పోయిన వానికి అందుబాటు లేకపోవుట సాధన కాదు, లేమి. లేమిని వైరాగ్యమని పొగడే అలవాటు వేదాంతుల చుట్టూ కొంత ఉన్నది. దానిని మానుకొనుట మంచిది.

ఏకాంతమును కోరి సముద్రమెక్కిన వారు సైతము ఈ సూత్రమును విడువలేదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి తారిణి అనే చిన్న తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ మహిళలు భూప్రదక్షిణకు వెళ్లి 254 దినములకు, 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నపు స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అదే ఏడు గోల్డెన్ గ్లోబ్ పందెములో, ఆధునిక దిక్సూచక యంత్రములు వాడరాదన్న నియమముతో ఒంటరిగా పోతున్న అభిలాష్ టామీ సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో చిక్కుకొన్నారు. తెరచాప కొయ్య విరిగింది, వెన్ను దెబ్బతిన్నది, కదలలేరు. పొట్టి సందేశములు పంపే చిన్న యంత్రముపై నాలుగైదు మాటలు కొట్టారు. 24వ తేదీన ఫ్రెంచి నౌక ఓసిరిస్ వచ్చి ఆయనను రక్షించింది. పాత పద్ధతి నావికత్వమును అంత నిష్ఠగా కోరిన పందెము కూడ ఆ యంత్రమును నౌకలో ఉంచింది.

మన దేశములో ఉపగ్రహ ఫోను కొని పడవలో వేసికొందమంటే కుదరదు. తురాయా, ఇరిడియం ఫోనులు అనుమతి లేనిదే నిషిద్ధములు. భద్రతాకారణములు అందరికీ తెలిసినవే. 2025లో స్టార్‌లింక్ సంస్థకు అనుమతిపత్రము లభించిన వార్త నిజాంపట్నము రేవులో కూడ చర్చకు వచ్చింది. సినిమాలు చూడవచ్చునని కుర్ర కళాసులకు ఆశ. సరంగులకు అదే భయము.

దంపతుల వ్యవహారము చివరకు సమయపాలన దగ్గర తేలింది. నావికులలో ఇది పాత ఆచారమే. ఫలానా వేళ పలుకుదును, ఆ నడుమ పలుకకపోతే దానికి అర్థము లేదు, ఆ వేళకు పలుకకపోతే అర్థమున్నది. వేళలు రెండు, తెల్లవారుజామున ఒకటి, దీపాల వేళకు ఒకటి. నడుమ కాలమునందలి మౌనము ఉభయుల అంగీకారముతో అయోగ్యము. చుక్క విషయమున సరంగు మెట్టు దిగాడు, పెట్టెను ఆపనన్నాడు. భార్య కూడ ఒక మెట్టు దిగింది, నడుమ వేళలలో రేవు కార్యాలయమునకు పరుగెత్తనన్నది. పెట్టే చెడిపోతే ఏమి చేయవలెనన్న ప్రశ్నకు మాత్రము ముగ్గురికీ సమాధానము దొరకలేదు. దీపము ఆరిపోయినదా, కుండ పగిలినదా అని దూరము నుండి చెప్పగల ప్రమాణము శాస్త్రములో కూడ లేదు. పక్కన వేటాడే పడవ సరంగునకు ఆ సంగతి చెప్పి ఉంచుట మంచిదని మాత్రము అనుకొన్నారు.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినముల వేటనిషేధము ముగియగానే పడవలు మొగ దాటాయి. నాలుగవనాటి దీపాల వేళకు సందేశము రాలేదు. ఆమె తెనాలికి ఫోను చేయలేదు. తొమ్మిదిన్నరకు చేసింది. సందేశము అప్పుడే వచ్చిందట. చదివి వినిపించింది. "రొయ్య బాగా పడింది. ఐసు అయిపోవచ్చింది. ఎల్లుండి వస్తాం."

ఉపాధ్యాయుడు సంతోషించారు.

"అది కాదు మాస్టారండీ, ఎల్లుండంటే ఆయన పంపిన పూట నుంచా, నాకందిన పూట నుంచాండీ?"

దాని మీద వేళ ఏమైన పడిందేమో చూడమ్మా, అన్నారాయన.